వైట్‌నర్‌తో దిద్దిన బొమ్మల పుస్తకాలు

సాండ్రా బెమ్, డారిల్ బెమ్ భార్యాభర్తలు. ఇద్దరూ సైకాలజీ ప్రొఫెసర్లే. 1974లో వాళ్ళకి ఎమిలీ పుట్టింది, 1976లో జెరెమీ పుట్టాడు. ఆడపని, మగపని అని లోకంలో రెండున్నాయన్న సంగతి తమ పిల్లల చెవిన పడకుండా వీలైనంతకాలం కాపాడాలని ఆ ఇద్దరి పట్టుదల. మన ఇళ్ళల్లో కొందరు పిల్లల్ని చాక్లెట్ల నుంచి కాపాడతారు చూడండి, అలాగ.

ఊరికే ఉత్సాహపడి దిగిన మనుషులు కాదు వీళ్ళు. 1965లో పెళ్ళి చేసుకున్నప్పుడే అన్నీ సమానంగా పంచుకోవాలని ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత ఊరూరా తిరిగి దాని గురించి ఉపన్యాసాలిచ్చారు. అప్పట్లో అమెరికన్ పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు మగవాళ్ళకి ఒక కాలమ్, ఆడవాళ్ళకి ఒక కాలమ్‌గా వేసేవారు. దానివల్ల ఆడవాళ్ళు అర్హత ఉండి కూడా అప్లై చెయ్యడం మానేస్తారని పరిశోధన చేసి చూపించారు. పిట్స్‌బర్గ్ పేపరు మీద నడిచిన అలాంటి కేసులో 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఆ విడివిడి కాలమ్‌లు కుదరవంది. ఎమిలీ పుట్టిన ఏడే సాండ్రా పేరు మీద ఒక ప్రశ్నావళి వచ్చింది, 60 విశేషణాలతో. మగతనం, ఆడతనం ఒకే కొలబద్దకి రెండు కొసలు కావనీ, ఒకే మనిషిలో రెండూ దండిగా ఉండొచ్చనీ దాని వెనకున్న ఆలోచన. సైకాలజీ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని చదువుకుంటారు.

ఇలాంటి ఇద్దరు, ఇంత తెలిసినవాళ్ళు, తమ ఇంట్లోనే ఈ పని చెయ్యలేకపోతే ఇంకెవరు చేస్తారు?

వంట వంతులవారీగా చేశారు. కారు ఇద్దరూ నడిపేవారు, స్నానాలు ఇద్దరూ పోసేవారు. ఇద్దరు పిల్లలకీ లారీలూ ఉండేవి, బొమ్మపాపలూ ఉండేవి. గులాబీరంగు బట్టలు, నీలంరంగు బట్టలు ఎవరికి పడితే వాళ్ళకి. టీవీ మీద కాపలా. 1978లో స్టాన్‌ఫర్డ్ నుంచి కార్నెల్ యూనివర్సిటీకి, అంటే న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న ఊరికి మారారు. ఆ ఊళ్ళో ఒకచోట భవన నిర్మాణం చేసే కూలీల్లో ఒక స్త్రీ ఉందని తెలిస్తే, పిల్లలు చూస్తారని పనిగట్టుకుని కారు అటుగా పోనిచ్చేవారట. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే కొంచెం బాధ కూడా వేసింది. ఒక్క మనిషి కోసం అంత దూరం పోవాలి. మన దగ్గర ఏ అపార్ట్‌మెంట్ కడుతున్నచోటికి వెళ్ళినా తట్ట మోసేది ఆడవాళ్ళే. తాపీ పట్టుకునేది మాత్రం మేస్త్రీ. మన పిల్లలు ఆ దారినే రోజూ స్కూలుకి వెళ్తుంటారు. చూసి ఏం నేర్చుకుంటున్నారన్నది వేరే సంగతి.

అన్నిటికంటే ఎక్కువ కష్టపడింది పుస్తకాల దగ్గర. కష్టపడక తప్పేది కాదు. 1972లో లెనోర్ వైట్జ్‌మన్, ఆమె సహచరులు కలిసి ఒక లెక్క తీశారు. బొమ్మల పుస్తకాలకి అమెరికాలో ఇచ్చే పెద్ద బహుమతి కాల్డెకాట్. అంతకుముందు అయిదేళ్ళలో ఆ బహుమతి వచ్చినవీ, చివరిదాకా పోటీలో నిలిచినవీ ముందేసుకుని బొమ్మలు లెక్కపెడితే, మగవాళ్ళ బొమ్మలు 261, ఆడవాళ్ళవి 23. పదకొండుకి ఒకటి. అంటే మంచి పుస్తకం అని పెద్దలు ఏరి ఇచ్చిన పుస్తకాల్లో ఆడపిల్ల కనపడటమే అరుదు.

బెమ్ దంపతులు వైట్‌నర్ సీసా, మార్కర్ పెన్ను తీసుకున్నారు. లారీ డ్రైవరుకి జుట్టు పొడుగు చేశారు, డాక్టరుకీ పైలట్‌కీ ఛాతీ గీశారు. మరీ మూసగా ఉన్న వాక్యాల్ని చెరిపేశారు. చదివి వినిపించేటప్పుడు బొమ్మలో ఒక పందిపిల్ల వంతెన కడుతుంటే, ఇంగ్లీషులో దాన్ని ‘హీ’ అనెయ్యకుండా ‘హీ ఆర్ షీ’ అని చదివేవారు. గౌనో రిబ్బనో లేని ప్రతి జంతువూ మగదే అని పిల్లలకి అలవాటవుతుందని వాళ్ళ భయం.

ఇక్కడ ఆగి, ఈ పని తెలుగులో చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించాలనిపిస్తుంది. పందిపిల్లతో మనకి చిక్కే లేదు. ‘వంతెన కడుతోంది’ అంటాం, అయిపోయింది. కానీ అదే క్రియ స్త్రీకి కూడా. ఆవు వచ్చింది, ఆమె వచ్చింది. మగవాడొక్కడికే ‘వచ్చాడు’ అని విడిగా కుర్చీ వేసింది మన వ్యాకరణం. బహువచనంలోకి వెళ్తే మళ్ళీ ఆడవాళ్ళు మనుషుల్లో కలుస్తారు, ‘వాళ్ళు వచ్చారు’ అవుతారు. పోనీ జంతువులకి లింగభేదం లేదు కదా, మన కథలు నయం అనుకుందామా అంటే, ఇంగ్లీషులో సర్వనామం చేసే పనిని మన దగ్గర వరసలు చేసేస్తాయి. కోతి బావ. నక్క బావ. ఎలుగుబంటి మామ. చిలకమ్మ. ఆకాశంలో ఉన్న చంద్రుడు కూడా మనకి మామే. ఇక ‘డ్రైవరు లారీ ఎక్కాడు’లో సర్వనామం ఎక్కడుంది వైట్‌నర్ పూయడానికి? క్రియ చివర దిద్దాలి. ‘డ్రైవరు లారీ ఎక్కింది’ అని దిద్ది చూడండి, వాక్యం తప్పేమీ కాదు. చెవి మాత్రం ఒక్క క్షణం తడబడుతుంది. ఆ క్షణం తడబాటు మనకి ఎప్పుడు, ఎవరు నేర్పారో ఎవరికీ గుర్తుండదు. బెమ్ దంపతుల ప్రయత్నమంతా దాని మీదే.

జెరెమీ నర్సరీకి వెళ్ళే వయసులో ఒకరోజు జుట్టుకి క్లిప్పులు పెట్టుకుని వెళ్ళాడు. ముద్దుగా ఉన్నాయని పెట్టుకున్నాడు, అంతే. క్లాసులో ఇంకో పిల్లవాడు చూసి నువ్వు ఆడపిల్లవి అన్నాడు. కాదు, మగపిల్లాణ్ణే అన్నాడు జెరెమీ. క్లిప్పులు పెట్టుకునేది ఆడపిల్లలే కాబట్టి నువ్వు ఆడపిల్లవే అని అవతలివాడి వాదన. జెరెమీకి ఇంట్లో శరీరం గురించి స్పష్టంగా చెప్పారు. మగవాడంటే శరీరంలో ఫలానా తేడా ఉన్నవాడు, జుట్టుకీ బట్టలకీ దాంతో పని లేదు అని వాడు విడమరిచి చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా అవతలివాడు వినకపోయేసరికి చివరికి నిక్కరు కిందికి లాగి రుజువు కూడా చూపించాడు. అవతలివాడు చెక్కుచెదరలేదు. అది అందరికీ ఉండేదేనట, క్లిప్పులు మాత్రం ఆడపిల్లలకే ఉంటాయట.

1983లో రాసిన ఒక వ్యాసంలో సాండ్రా ఈ సంఘటన చెప్పింది. జెండర్ మీద పాఠ్యపుస్తకాల్లో ఇది జోకులా తిరుగుతూనే ఉంది. జోకే, కాదనను. కానీ ఇందులో ఓడిపోయిందెవరు? సైన్సు ప్రకారం జెరెమీది రైటు. తరగతి గది ప్రకారం అవతలివాడిది రైటు. నాలుగేళ్ళ పిల్లలకి తరగతి గదే ప్రపంచం.

సాండ్రా దీన్ని జోకుగా వదిలెయ్యలేదు. అప్పటికి పిల్లల మనస్తత్వం గురించి లారెన్స్ కోల్‌బర్గ్ చెప్పిన మాట బాగా చెలామణిలో ఉంది. బట్టలు మారినా జుట్టు మారినా మనిషి ఆడో మగో మారరు అన్న సంగతి పిల్లలకి ఆరేడేళ్ళకి గానీ పట్టుబడదని, బుర్ర ఎదగాలని. సాండ్రాకి అనుమానం వచ్చింది. లోపం పిల్లల బుర్రలో ఉందా, మనం చెప్పకపోవడంలో ఉందా? మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలకి ఫొటోలు చూపించి ఆమె చేసిన అధ్యయనం 1989లో అచ్చయింది. ఒంటిమీద బట్టల్లేని చిన్నపిల్లల ఫొటో ఒకటి, అదే పిల్లకి అవతలి జెండర్ బట్టలూ జుట్టూ పెట్టిన ఫొటో ఇంకొకటి. శరీరంలో తేడా ఏమిటో ముందే తెలిసిన పిల్లల్లో ఎక్కువమంది తడబడలేదు. తెలియనివాళ్ళలో ఎక్కువమంది బట్టల్ని చూసి మాట మార్చారు. మరి తెలియకపోవడం ఎవరి తప్పు? బొట్టు, జడ, గౌను, క్లిప్పు అన్నీ నేర్పి, అసలు తేడాని మాత్రం ‘ఛీ, అలా అడక్కూడదు’ అని దాచేస్తే పిల్లలకి మిగిలే ఆధారం క్లిప్పులే. ఆ నర్సరీ పిల్లవాడు మూర్ఖుడేం కాదు. తనకి అందిన సాక్ష్యంతో తీర్పు చెప్పాడు.

క్లిప్పుల చట్టం మరీ అంత పాతదేమీ కాదు. తర్వాత్తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌కి రెండున్నరేళ్ళప్పుడు, 1884లో తీసిన ఫొటో ఒకటుంది. పొడుగు జుట్టు, తెల్ల గౌను. ఆ రోజుల్లో అక్కడ మగపిల్లలందరికీ చిన్నప్పుడు గౌన్లే. గులాబీ, నీలం అని రంగులు పంచుకోవడం ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా గట్టిపడిందని జో పాఒలెట్టి అనే చరిత్రకారిణి ఒక పుస్తకమంతా రాసింది. అంత దూరం ఎందుకు, మన ఇళ్ళల్లో పాత ఆల్బమ్‌లు తీస్తే చాలు. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి పూలజడ వేసి, గౌను తొడిగి, కాటుకా బొట్టూ పెట్టి స్టూడియోకి తీసుకెళ్ళి తీయించిన ఫొటో చాలామంది ఇళ్ళల్లో దొరుకుతుంది. ఎవరికీ తప్పనిపించదు, ఇంటిల్లిపాదికీ అదో సరదా. తిరుపతి వెళ్ళొచ్చాక ఆ తలుపు మూసుకుంటుంది. తర్వాత అదే పిల్లాడు క్లిప్పు ముట్టుకుంటే ‘ఆడపిల్లవా ఏంటి’ అంటారు. పెళ్ళిచూపులనాటికి ఆ ఫొటో వాణ్ణి ఏడిపించడానికి పనికొస్తుంది.

సరే, బయటి లోకం సంగతి అది. ఇంటి లోపల అయినా తల్లిదండ్రుల చేతులు శుభ్రంగా ఉన్నాయా?

మ్యూనిక్‌లో మారియన్నే గ్రాబ్రుకర్ అనే లాయరు, ఫెమినిస్టు, 1981లో కూతురు ఆన్నెలీ పుట్టగానే డైరీ మొదలుపెట్టింది. మూడేళ్ళు రాసింది. 1985లో జర్మన్‌లో పుస్తకంగా వచ్చింది, తర్వాత మూడేళ్ళకి లండన్‌లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. సిద్ధాంతం తక్కువ, రోజువారీ సంగతులు ఎక్కువ. బెమ్ దంపతులది ప్రొఫెసర్ల పుస్తకం, ఇది కేసు ఫైలు. బంధువులు ఏమన్నారు, పార్కులో ఎవరు ఏమన్నారు, పొరుగుపిల్లవాడు బొమ్మ లాక్కుంటే పెద్దవాళ్ళు ఎవర్ని సర్దుకోమన్నారు. పేజీలు తిరిగేకొద్దీ ముద్దాయిల జాబితాలో తనూ, తనలాంటి ఆలోచనలున్న స్నేహితురాళ్ళూ కూడా చేరుతుంటారు. కొడుకులున్న ఫెమినిస్టు తల్లులు కొడుకుల అల్లరిని ఒకలా చూస్తారు, కూతురి అల్లరిని ఇంకోలా. ఎవరూ కావాలని చెయ్యరు. రాసుకోకపోతే కనపడదు కూడా.

కావాలని చెయ్యరు అన్నదానికి ప్రయోగం కూడా ఉంది. 1976లో కాండ్రీ దంపతులు ఒక పసిబిడ్డ వీడియో కాలేజీ విద్యార్థులకి చూపించారు. పెట్టెలోంచి బొమ్మ టక్కున పైకి లేస్తుంది, బిడ్డ ఏడుస్తుంది. మగబిడ్డ అని చెప్పినవాళ్ళకి ఆ ఏడుపులో కోపం కనపడింది. ఆడబిడ్డ అని చెప్పినవాళ్ళకి భయం కనపడింది. బిడ్డ ఒకటే, ఏడుపు ఒకటే. కోపం వచ్చిన బిడ్డతోనూ భయపడ్డ బిడ్డతోనూ మనం ఒకేలా మాట్లాడతామా? మాట్లాడం. భయపడినవాళ్ళని ఎత్తుకుంటాం. బట్టలూ బొమ్మలూ ఎంత సమానంగా పంచినా ఈ చూపుని వైట్‌నర్‌తో దిద్దలేం.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది మాత్రం ఇంకొక ప్రయత్నం. కథలు చదివేవాళ్ళం కాబట్టి మనకి దగ్గరగా తగిలేదీ అదే.

1980లో కెనడాలో రాబర్ట్ మన్ష్ రాసిన ‘ది పేపర్ బ్యాగ్ ప్రిన్సెస్’ అచ్చయింది. ఎలిజబెత్ అనే రాకుమారి రోనాల్డ్ అనే రాకుమారుణ్ణి పెళ్ళి చేసుకోబోతుంటే, ఒక డ్రాగన్ వచ్చి కోట తగలబెట్టి రోనాల్డ్‌ని ఎత్తుకుపోతుంది. ఎలిజబెత్ బట్టలన్నీ కాలిపోతాయి. మిగిలింది ఒక కాగితం సంచి. అది తొడుక్కుని డ్రాగన్‌ని వెతుక్కుంటూ వెళ్తుంది. నువ్వంతటిదానివటగా, ఇంతటిదానివటగా అని పొగిడి పొగిడి, అడవులు తగలబెట్టించి, లోకం చుట్టూ ఎగిరించి, దానికి సొమ్మసిల్లే నిద్ర తెప్పిస్తుంది. తలుపు తీస్తే రోనాల్డ్ ఆమెని చూసి, ఒళ్ళంతా బూడిద, ఇదేం అవతారం, సరైన రాకుమారిలా తయారై రా పో అంటాడు. ఆమె నాలుగు మాటలు కడిగేసి పెళ్ళి మానుకుని వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళకి చదవగానే చప్పట్లు కొట్టాలనిపించే కథ. ఆనాటి ఫెమినిస్టు ఇళ్ళల్లో పుస్తకాల అలమారలోకి ఇట్టే చేరిపోయింది.

ఆస్ట్రేలియాలో బ్రాన్విన్ డేవిస్ అనే పరిశోధకురాలు ఇలాంటి కథల్ని నాలుగైదేళ్ళ పిల్లలకి చదివి వినిపించి, వాళ్ళేం అర్థం చేసుకున్నారో అడిగింది. ఆ పుస్తకం 1989లో వచ్చింది. చాలామంది పిల్లలకి ఎలిజబెత్ తెలివి కాదు, ఆమె మురికి కనపడింది. రోనాల్డ్ అన్నదాంట్లో తప్పేముంది, ఆమె స్నానం చేసి మంచి బట్టలు వేసుకుని రావాల్సింది కదా అని వాళ్ళ అభిప్రాయం. ఎలిజబెత్‌ని హీరోగా చూసినవాళ్ళూ ఉన్నారు, లేకపోలేదు. కానీ మిగతావాళ్ళ బుర్రలో కథ తనంతట తానే తిరగబడి పాత దారిలోకి వచ్చేసింది. రాకుమారి అన్నాక ఎలా ఉండాలో, చివర్లో ఏం జరగాలో వాళ్ళకి ముందే తెలుసు. ఈ కథలో అది జరగలేదంటే ఎవరో ఎక్కడో పొరపాటు చేశారు. ఆ పొరపాటు చేసింది ఎలిజబెత్.

ఇది చదివాక బెమ్ ఇంట్లో వైట్‌నర్ గురించి వేరేలా ఆలోచిస్తాం. పుస్తకంలో దిద్దొచ్చు. దాన్ని చదివే పిల్ల ఆ ఒక్క పుస్తకంతో చదవదు, అప్పటిదాకా విన్న కథలన్నిటితో కలిపి చదువుతుంది. నర్సరీలో, పెళ్ళిళ్ళలో, అడ్వర్టైజ్‌మెంట్లలో, పక్కింటావిడ పలకరింపులో విన్నవీ అందులో ఉంటాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా ఒక కల్పిత కథ ఉంది. 1972లో ‘మిజ్’ పత్రికలో లోయిస్ గౌల్డ్ రాసింది. ఎక్స్ అనే బిడ్డ ఆడో మగో ఎవరికీ చెప్పకుండా పెంచుతారు. స్కూల్లో మిగతా పిల్లలు ఎక్స్‌ని చూసి, ఇదేదో బాగుందే అని తామూ అలాగే ఉండటం మొదలుపెడతారు. గొడవ చేసేది వాళ్ళ తల్లిదండ్రులే. పెద్దలే మారనివాళ్ళు, పిల్లలు స్వేచ్ఛాజీవులు అని ఆ తరం నమ్మకం. జెరెమీ క్లాసులో జరిగింది దీనికి తలకిందులు. కాపలా కాసింది పిల్లవాడే. షికాగోలో కిండర్‌గార్టెన్ టీచరు వివియన్ పేలీ 1984లో రాసిన పుస్తకంలో కూడా పిల్లలే ఆడ, మగ గీతలు గీసుకుంటుంటారు. బొమ్మలమూల ఆడపిల్లలది, సూపర్‌హీరోలు మగపిల్లలవి. పేలీ కొన్నాళ్ళు దాన్ని చెరపడానికి చూసింది. ఆ క్రమంలో, ఆడపిల్లలు కుదురుగా ఆడుకునే ఆటలే తనకి టీచరుగా నచ్చుతున్నాయనీ, మగపిల్లల ఆటని తను మొదట్నుంచీ అల్లరిగానే చూస్తోందనీ ఆమెకి అర్థమైంది. నిజాయితీ ఉన్న టీచరు.

మనకి ఈ విషయం మీద తల్చుకోగానే గుర్తొచ్చే కథ అబ్బూరి ఛాయాదేవి ‘బోన్‌సాయ్ బ్రతుకు’. కుండీలో కత్తిరించి పెంచిన మొక్కకీ, వీధిలో స్వేచ్ఛగా పెరిగి గాలివానలో పదిమందికి నీడనిచ్చిన చెట్టుకీ పోలిక. ఆడపిల్లని కత్తిరించేది పెంచినవాళ్ళ చేతులే అని ఆ కథ చాలా తేటగా చెప్పింది, ఇంట్లో కత్తెర ఉన్న కాలంలో అది చెప్పాల్సిన మాటే. బెమ్ దంపతులు కత్తెర అవతల పారేశారు. పారేస్తే ఏమవుతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. కత్తెరలు వీధి నిండా ఉన్నాయని వాళ్ళకి తెలిసొచ్చింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. వాళ్ళిద్దరూ ప్రొఫెసర్లు. ఎప్పుడు ఇంట్లో ఉండాలో తామే నిర్ణయించుకోగలరు, పుస్తకాలు కొనగలరు, టీవీ ఆపగలరు, టీచర్లతో సమానంగా కూర్చుని మాట్లాడగలరు. ఇన్ని ఉన్నా క్లిప్పు దగ్గర ఆగిపోయింది. పొద్దున్నే పిల్లని క్రెష్‌లో వదిలి ఆఫీసుకి పరిగెత్తే తల్లిని, ‘నువ్వు సరిగ్గా పెంచితే ఇలా అవుతుందా’ అనే పెద్దమనుషులు ఈ సంగతి తెలుసుకుంటే బాగుండును. ఆ ప్రశ్న తండ్రిని ఎవరూ అడగరు, అది కూడా గమనించాలి.

సాండ్రాకి ఇంటిగోడల మీద భ్రమ మొదట్లో ఉందేమో గానీ, 1983 వ్యాసం నాటికి లేదు. చిన్నప్పుడు శరీరం గురించి దాచకుండా చెప్పండి, సంస్కృతి అంటగట్టే మిగతావాటిని వీలైనంత ఆలస్యం చెయ్యండి అంది. ఆలస్యం చెయ్యగలం గానీ ఆపలేం, కాబట్టి ఆ తర్వాత ఏం చెయ్యాలో కూడా చెప్పింది. ఆడపిల్లలు ఫలానా ఆట ఆడరు అని పిల్ల అంటే, ఆడే అమ్మాయినీ ఆడని అబ్బాయినీ పేరుపెట్టి గుర్తుచెయ్యండి. రాకుమారి కథ చదివితే, అప్పటి మనుషులు అలా అనుకునేవాళ్ళు, ఇంకొకరు ఇంకోలా అనుకుంటారు అని చెప్పండి. ఇవి తేలికే. ఆఖరిది బరువైనది: దీన్ని వివక్ష అంటారనీ, ఇది అన్యాయమనీ పిల్లలకి పేరుపెట్టి చెప్పండి. లోకం తప్పు అని తెలిస్తే గానీ లోకాన్ని ఎదిరించలేరు అని ఆమె ఉద్దేశం.

నాకు ఇక్కడే మనసు రెండుగా చీలుతుంది. ఆమె చెప్పింది నిజమే అనిపిస్తుంది. నాలుగేళ్ళవాడికి క్లిప్పు పెట్టి, నీ క్లాసంతా తప్పు, నువ్వొక్కడివే రైటు అని చెప్పి పంపించడం వాడి మీద ఎంత బరువు పెట్టడమో కూడా కనిపిస్తుంది. ఆ యుద్ధం పెద్దవాళ్ళది. వాడికి కావాల్సింది మెరిసే క్లిప్పు. అలాగని, క్లిప్పు తీసేసి వెళ్ళు నాన్నా, నవ్వుతారు అంటే ఆ మాటతో పని పూర్తి చేసింది మనమే అవుతాం. ప్రేమతోనే అంటాం. ఈ రెండు వాక్యాల మధ్య ఏ తల్లీ తండ్రీ తీరిగ్గా కూర్చోలేరు, స్కూలు బస్సు వచ్చేస్తుంది.

సాండ్రా 1998లో తమ కుటుంబం గురించి ఒక పుస్తకం రాసింది. అందులో పెద్దవాళ్ళైన ఎమిలీ, జెరెమీల మాటలకి కూడా చోటిచ్చింది, తమ పెంపకం ఎలా ఉందో వాళ్ళనే అడిగి. ఆమె 2014లో పోయింది. డేవిస్ తర్వాతి పనిలో ఇంకాస్త పెద్ద పిల్లల దగ్గరికి వెళ్ళింది, ప్రైమరీ స్కూలు వయసువాళ్ళ దగ్గరికి. మంచి కథలు ఏరి ఇవ్వడం కంటే, కథలు ఎలా కడతారో, మనల్ని ఏం అనుకోమంటున్నాయో వాళ్ళతో కలిసి విప్పి చూడటానికి. ఎలిజబెత్ స్నానం చేసి రావాల్సింది అన్న పిల్లతో మనం కూడా అక్కణ్ణుంచే మాట్లాడొచ్చు. నీళ్ళెక్కడున్నాయి, కోట కాలిపోయింది కదా? మరి రోనాల్డ్ బట్టలు ఎందుకు నలగలేదు?